దీక్ష రోజు తిన్న అన్నం

గిర్ని నడుస్తుంటే దాని చప్పుడును దాటి మాట వినిపించగల మనిషి ఆ గల్లీల ఒక్క భారతమ్మే. గోధుమలో, జొన్నలో, ఎండుమిరపకాయలో పట్టియ్యడానికి వచ్చినోళ్లు గడప అవతల నిలబడి గొంతు చించుకున్నా ఆమెకు వినపడదు గానీ, ఆమె లోపలి నుంచి మామూలుగ మాట్లాడినా సందు చివరి దాక వినపడేది. కనుబొమ్మల మీద ఎప్పుడు చూసినా తెల్లటి పిండి. "పెండ్లినాడు గూడ గిట్లనే ఉండె, నేనే సరిగ చూసుకోలే" అని ఆమె పెనిమిటి భూపతి గిరాకీల ముందర అనేటోడు. "చూసుకుంటే మాత్రం ఏం జేస్తుంటివి" అని లోపలి నుంచి జవాబు వచ్చేది.

ఆ గిర్ని గోడకు ఒక పేపరు ముక్క అతికించి ఉంటది. పాతబడి చాయ్ రంగుకు తిరిగింది. టెంటు కింద వరుసగ కూర్చున్న ఆడోళ్లు, మెడలల్ల బంతిపూల దండలు, నడిమిట్ల భారతమ్మ. గడ్డం పైకెత్తి, పెదవులు బిగించి, పచ్చి మంచినీళ్లు గూడ ముట్టనని ఒట్టు పెట్టుకున్నట్టు కూర్చున్నది. కింద "నిరాహార దీక్షలో మహిళలు" అని ఉంటది. మైదా ఉడికించి ఆ ముక్కను అతికించింది భూపతే. అతికించేటప్పుడు ఆయనకు తెలియని సంగతి ఏందంటే, ఆ ఫొటో దిగిన కొంచెం సేపటికే ఆ గడ్డం కిందికి దిగింది, ఆ పెదవులు తెరుచుకున్నయి, పప్పన్నం లోపలికి పోయింది.

తెలంగాణ ఇస్తమన్నరు, మల్ల ఇయ్యమన్నరు, ఇస్తరో ఇయ్యరో తెలియక జనమంతా రోడ్ల మీద ఉన్న కాలం అది. రెండువేల పన్నెండు, వానలు పడుతున్నయి. సిద్దిపేటల ఆ గల్లీ మొగదల గూడ రిలే దీక్షల శిబిరం ఉండేది. రిలే అంటే పెద్ద కష్టమేం గాదు. ఒకనాడు ఆటోలోళ్లు, ఒకనాడు టీచర్లు, ఒకనాడు మంగలి దుకాణాలోళ్లు కూర్చుంటరు. పొద్దున కూర్చున్నోళ్లు పొద్దుగూకినంక నిమ్మరసం తాగి లేస్తరు, తెల్లారి వేరేటోళ్లు కూర్చుంటరు. అంతే ఉపాసం. భారతమ్మ దాన్ని అంతే అనుకున్నది. పొద్దున పదింటి దాక.

ఆ శిబిరానికి టెంటు, మైకు, కింద జంపఖానాలు, పొద్దుగూకినంక ఇచ్చే నిమ్మరసం అన్నీ దామోదర్‌వే. శిబిరం వెనుకే ఇల్లు. టెంట్ హౌస్ నడుపుతడు, పెండ్లిండ్లకు వంటలు గూడ చేయిస్తడు. ఎవరికి కష్టమొచ్చినా ముందు నిలబడతడు, పెద్దోళ్లను చూస్తే చెప్పులు విడిచి మాట్లాడతడు. భారతమ్మను 'అక్కా' అనేటోడు, ఆమె 'దామోదర్ తమ్మీ' అనేది. పొద్దుగూకినంక గిలాసలు పట్టుకొని ఒక్కొక్కరికి తన చేత్తోటే అందించి 'జై తెలంగాణ' అంటుంటే, కొండవ్వ అనే ముసలామె అయితే కండ్లు తుడుచుకునేది. "కన్నకొడుకు గూడ గిట్ల ఇయ్యడు" అనేది.

ఆ రోజు మహిళా సంఘం వంతు. భారతమ్మ పక్కనే షమ్షున్నీసా కూర్చున్నది. గిర్ని ఎదురుంగ బట్టలు కుట్టే దుకాణం ఆమెది. వయసుల రెండేండ్లు పెద్ద, అందుకని భారతమ్మ 'ఆపా' అంటది. ఇద్దరికీ రోజు ఒక్కసారన్నా తిట్టుకోకుంటే పొద్దు పోదు.

"ఆపా, టైమెంతైంది?"

"ఇందాకనే అడిగినవ్. అప్పటి నుంచి టైము అక్కడనే కూర్చున్నది, నీలెక్క."

"నాకు షుగరుంది."

"నీకు షుగర్ లేదు, నాలికె ఉంది. మేము నెలంతా రోజా ఉంటం. నీళ్లు గూడ ముట్టం. నువ్వు ఒక్క పొద్దు ఉండలేవా?"

"మీకు అలవాటు. మాకు ఏకాదశి అంటే ఫలారాలు ఉంటయి."

షుగర్ ఉన్న మాట నిజమే. దవాఖానల డాక్టరు చెప్పిండు, గోలీలు గూడ ఇచ్చిండు. కానీ మధ్యాహ్నం భారతమ్మను లేపింది షుగర్ కాదు. శిబిరం వెనుక నుంచి ఎల్లిపాయ తాలింపు వాసన వచ్చింది. పప్పుల పడేటప్పటి వాసన. అది ముక్కుల పడ్డంక ఆమెకు మైకుల మాట్లాడేటోళ్ల మాట ఒక్కటీ చెవికెక్కలేదు.

దామోదర్ భార్య ప్రమీలాదేవి కూడా దీక్షలనే ఉన్నది. ముందు తలుపుకు తాళమేసి వచ్చింది గానీ, ఆడోళ్ల అవసరాలకని వెనుక గేటు దగ్గరేసి ఉంచింది. "బాత్రూం గేటు పక్కనే, ఫికర్ చెయ్యకున్రి" అని అందరికి చెప్పి పెట్టింది.

"పోయొస్త" అని భారతమ్మ లేచింది.

గేటు తీసింది. బాత్రూం నిజంగనే పక్కనే ఉన్నది. కానీ వాసన బావి అవతల మూలన ఉన్న రేకుల షెడ్డు నుంచి వస్తుంది. ఇటు తిరగాల్సిన కాళ్లు అటు తిరిగినయి. మెడల బంతిపూల దండ అట్లనే ఉన్నది. దాన్ని తీసి బావి గట్టు మీద పెట్టింది. దండతోటి తినడం ఆమెకు గూడ బాగనిపియ్యలేదు.

షెడ్డుకు చువ్వల కిటికీ. లోపల నిమ్మకాయల గుట్ట ముందు ఒక పిల్ల కూర్చొని కోస్తుంది. ఇరవై దాటి ఉంటయేమో. ఈమెను గల్లీల అందరూ ఒకటి రెండుసార్లు చూసిన్రు. గిన్నెలు కడుగుతుంటెనో, మేడ మీద బట్టలు ఆరేస్తుంటెనో. ఒరిస్సా దిక్కు పిల్ల, పేరు పార్వతి, ప్రమీలాదేవికి తోడుంటదని చెప్పుకునేటోళ్లు. తెలుగు రాదని భారతమ్మ తనకు వచ్చిన ఉర్దూ బయటికి తీసింది.

"థోడా చావల్ హై క్యా? మేరేకు షుగర్ హై."

పిల్ల ఆమె ముఖం చూసింది. నవ్వలేదు, ఏమీ అడగలేదు. పళ్లెం చువ్వల నడుమ పట్టలేదు. పెండ్లి వంటలకు తెచ్చిన విస్తరాకులల్ల ఒకటి తీసి, దోనె లెక్క మడిచి, అన్నం, పప్పు పెట్టి, పక్కన ఒక ముద్ద పెట్టి అందించింది. ఆ ముద్ద ఆలుగడ్డ. ఉడకబెట్టి పిసికి, పచ్చి ఉల్లిగడ్డ, కాల్చిన ఎండుమిరప కలిపింది. సిద్దిపేటల అట్ల ఎవరూ చెయ్యరు. భారతమ్మ నిలబడే తిన్నది. దోనె ఖాళీ అయితే మల్ల కిటికీల పెట్టింది. గంటె గిన్నె అడుగును గీకిన చప్పుడు వినపడ్డది. వినపడ్డది గానీ, ఆకలి మీద ఉన్న మనిషికి ఆ చప్పుడు ఏం చెప్తుందో తోచదు. రెండో దోనె గూడ వచ్చింది. అది గూడ తిన్నది.

కడుపు నిండినంక మనిషికి మర్యాద గుర్తుకొస్తది. "తలుపు తియ్యి బిడ్డా, చెయ్యి కడుక్కుంట" అన్నది సైగ చేసుకుంట.

"బాహర్ సే తాలా హై, అమ్మా" అన్నది పిల్ల.

భారతమ్మ పక్కకు తిరిగి చూసింది. కిటికీ పక్కనే తలుపు. తలుపుకు అరచెయ్యంత తాళం. తింటున్నంత సేపు అది ఆమె మోచెయ్యి పక్కనే ఉన్నది. ఒకసారి మోచెయ్యి తగిలి గలగలమన్నది గూడ. ఏదో గిన్నె అనుకున్నది.

"ఎందుకు? దొంగల భయానికా?"

పిల్ల నోటి మీద వేలు పెట్టి, "చప్పుడు చెయ్యకు" అన్నది తెలుగుల. అచ్చం ప్రమీలాదేవి గొంతు, ఆ యాసనే. తర్వాత తెలిసింది, ఆ పిల్లకు వచ్చిన తెలుగు నాలుగు మాటలే. తొందరగ, గిన్నెలు, నిమ్మకాయ, చప్పుడు చెయ్యకు. అంతకన్న ఎక్కువ తెలుగు ఆమెతోటి ఎవరూ మాట్లాడలేదు.

భారతమ్మ దండ మెడల వేసుకొని వచ్చి కూర్చున్నది. దండ తలకిందులుగ పడ్డ సంగతి గూడ చూసుకోలేదు.

షమ్షున్నీసా ముక్కు ఎగబీల్చింది. "ఎల్లిపాయ."

"ఊకో ఆపా."

"కొంగుకు పప్పంటింది. జై తెలంగాణ."

"ఆపా," అన్నది భారతమ్మ. ఆమె గొంతు అంత చిన్నగ షమ్షున్నీసా ఎన్నడూ వినలేదు. "వెనుక షెడ్డుల పిల్లను పెట్టి తాళమేసిన్రు."

షమ్షున్నీసా నవ్వు సగంల ఆగింది.

పొద్దుగూకినంక నిమ్మరసం వచ్చింది. దామోదర్ గిలాస భారతమ్మకే ముందు అందించిండు. "పెద్దక్కతోటి మొదలుపెడదాం" అన్నడు. చప్పట్లు కొట్టిన్రు. భారతమ్మ గిలాస లోపలికి చూసింది. ఒక గింజ తేలుతుంది. ఇన్ని నెలల నుంచి ఇంత మంది ఈ టెంటు కింద ఉపాసాలు విడిచిన్రు. ఈ నిమ్మకాయలు ఎవరు పిండిన్రని ఒక్కరు గూడ అడగలేదు, తనతో సహా. నోట్లె పెట్టుకున్నదాన్ని వెనుకకు పోయి ఉమ్మేసింది. పొద్దంతా ఉపాసం కదా, కడుపు తిప్పిందని అందరూ పాపమన్నరు.

తెల్లారి ఆటోలోళ్ల వంతు. శిబిరంల మైకు మోగుతుంటే భారతమ్మ, షమ్షున్నీసా వెనుక సందుల నుంచి పోయి షెడ్డు కిటికీ దగ్గర నిలబడ్డరు. షమ్షున్నీసా ఉర్దూల అడిగింది. పిల్ల కొంచెం హిందీ, కొంచెం తన భాష కలిపి చెప్పింది. షమ్షున్నీసా విన్నది విన్నట్టు భారతమ్మకు చెప్పుకుంట పోయింది.

ఆమె పేరు పార్వతి కాదు, పారుల్. ఒరిస్సా కాదు, బంగ్లాదేశ్. వాళ్ల ఊరామె ఒకతి హైదరాబాద్‌ల కుట్టుపని ఇప్పిస్తనని చెప్పి సరిహద్దు దాటించింది. హైదరాబాద్ చేరినంక ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయింది. ఆఖరుకు దామోదర్ వ్యాన్ల టెంటు గుడ్డలతోటి కలిపి సిద్దిపేటకు తెచ్చిండు. అప్పటి సంది ఈ షెడ్డు, ఆ ఇల్లు. జీతం లేదు. ఇంటికి ఫోను లేదు. అమ్మ బతికున్నదో లేదో తెలియదు.

"కుట్టుపని," అన్నది షమ్షున్నీసా మల్లొకసారి. "నా దుకాణం గీడికి కనపడుతది."

భారతమ్మ కొంగు నడుముకు చెక్కుకున్నది. "గిర్నిల గునపం ఉంది. తెస్త. ఒక్క దెబ్బకు పోతది తాళం."

షమ్షున్నీసా ఆ మాట చెప్పంగనే పిల్ల రెండు చేతులతోటి చువ్వలు పట్టుకొని తల అడ్డం ఊపింది. ఏదో గబగబ చెప్పింది.

"ఏమంటుంది?"

షమ్షున్నీసా ముఖం తెల్లబడ్డది. "తాళం పగలగొడితే గూడ బయటికి రాదంట. కాగితాలు లేవు గద. బయట అడుగు పెడితే పోలీసోళ్లు జైల్ల ఏస్తరు, జైల్ల నుంచి మల్ల ఎన్నడూ రావు, నేనే నిన్ను దాచిపెడుతున్న అని దామోదర్ చెప్పిండంట. రోజు చెప్తడంట. తాళం గూడ తన మంచికే అనుకుంటుంది."

భారతమ్మ నడుముకు చెక్కిన కొంగు వదిలేసింది. తాళం తలుపుకు ఉన్నదనుకున్నది ఇంతసేపు.

భూపతికి చెప్తే ఆయన పేపరు మడిచిండు. "పోలీసోళ్ల దగ్గరికా? మొన్న రాస్తారోకోల నా వీపు మీద కొట్టిన గుర్తు ఇంకా పోలే. ఆ మెట్లు నేనెక్క."

"నిన్నెవరు ఎక్కుమన్నరు. వీపు తీసుకొని ఇంట్ల కూసో."

"అది గాదే. ఆ పిల్లకు కాగితాలు లేవంటున్నవ్. దామోదర్ పలుకుబడి ఉన్నోడు. చివరికి ఆమెనే లోపలేస్తే?"

భారతమ్మ చెప్పులు తొడుక్కున్నది. అదే భయం ఆమెకు గూడ ఉన్నది.

సిద్దిపేటల ఉద్యమం కేసుల్లో ఇరుక్కున్న ప్రతివాడికి తెలిసిన గుమ్మం ఒకటుండె. వకీలు విజయరాణిది. ఫీజు అడగకుండ బెయిళ్లు ఇప్పిస్తుండె. భూపతికి గూడ ఆమెనే ఇప్పించింది. భారతమ్మ, షమ్షున్నీసా అక్కడికి పోయిన్రు. విజయరాణి అంతా విని, కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ టెంటు కింద నేను గూడ రెండుసార్లు ప్రసంగం ఇచ్చిన," అన్నది. "నిమ్మరసం తాగిన."

"మేడం, పోలీసోళ్లు ఆ పిల్లను జైల్ల ఏస్తరా?"

"దామోదర్ ముందు పోయి, నా ఇంట్ల దొంగతనంగ దేశంలకొచ్చిన మనిషి దొరికిందని చెప్తే, ఏసే ప్రమాదముంది. మన మాట ముందు పోవాలె. మోసం చేసి తెచ్చిన్రు, బంధించి పని చేయించుకున్నరు అని. గట్ల మోసపోయి వచ్చిన ఆడమనిషి అని తేలితే, విదేశీయుల చట్టం కింద ఆమె మీద కేసు నడపొద్దని ఈ ఏడే ఢిల్లీ నుంచి సూచన వచ్చింది. ఆమె నేరస్థురాలు కాదు, బాధితురాలు. లాకప్పుకు కాదు, ఆడోళ్ల హోముకు పంపాలె. మెజిస్ట్రేట్ ముందు మాట చెప్పిచ్చి, తర్వాత ఇంటికి పంపాలె."

"గ్యారంటీనా?"

"గ్యారంటీ ఇయ్యనమ్మా. కాగితం మీద ఉన్నది స్టేషన్ దాక రావాలంటే పక్కన ఎవరన్నా నిలబడాలె. నేను సక్కగ డీఎస్పీ దగ్గరికే పోత, ఆడ పోలీసును వెంట పెట్టుకొని రమ్మంట. కానీ తాళాన్ని కండ్లతోటి చూసిన సాక్షి కావాలె."

"నేను చూసిన" అన్నది భారతమ్మ.

"ఎప్పుడు? అక్కడికి ఎందుకు పోయిన్రు?"

భారతమ్మ షమ్షున్నీసా దిక్కు చూసింది. షమ్షున్నీసా పైన తిరిగే ఫ్యాను దిక్కు చూసింది.

"బాత్రూంకు పోయిన" అన్నది భారతమ్మ.

ఫిర్యాదుల అదే రాసిన్రు.

విజయరాణికి ఇచ్చిన మాట డీఎస్పీ తప్పలేదు. తెల్లారి పొద్దున్నే మామూలు బట్టలల్ల వచ్చిండు, వెంట ఒక ఆడ ఎస్సై. కానీ ముందురోజు కిటికీ దగ్గర ఇద్దరు ఆడోళ్లు నిలబడి మాట్లాడటం ప్రమీలాదేవి మేడ మీది నుంచి చూసింది. వాళ్లతోటి భారతమ్మ, షమ్షున్నీసా, విజయరాణి కలిసి పోయేసరికి షెడ్డుకు తాళం లేదు. తలుపు బార్లా తీసి ఉంది. పారుల్ కొత్త చీర కట్టుకొని ముందు గదిల చిక్కుడుకాయలు తుంచుతుంది.

దామోదర్ చెప్పులు విడిచి ఎదురొచ్చిండు. "రాండ్రి సార్. అక్కా, నువ్వు గూడ వచ్చినవా? కూసోండ్రి, చాయ్ తాగుదురు."

శిబిరం పక్కనే గదా, ఏదో లొల్లి ఉన్నదని సగం మంది వాకిట్లకు వచ్చిన్రు. కొండవ్వ కట్టె పట్టుకొని అందరికన్న ముందు నిలబడ్డది.

ఆడ ఎస్సై పారుల్‌ను పక్క గదిలకు తీసుకపోయి మాట్లాడింది. బయటికొచ్చి, "ఏం చెప్తలేదు సార్. వణుకుతుంది. కట్టేసిన్రా అంటే లేదంటుంది" అన్నది.

"మా పిల్ల లెక్క చూసుకున్నం" అన్నది ప్రమీలాదేవి. ఆమె అబద్ధం చెప్తున్నట్టు గూడ లేదు. నిజంగ నమ్మినట్టే ఉన్నది.

డీఎస్పీ ఫిర్యాదు చదివి వినిపిస్తే, దామోదర్ లోపలికి పోయి పేపరు తెచ్చిండు. "సార్, మా అక్కనంటే నాకు గౌరవం. కానీ చూడండ్రి, ఆ రోజు ఆమె దీక్షల కూర్చున్నది. ఇగో ఫొటో. బాత్రూంకు పోయిన అని రాసింది. మా బాత్రూం గేటు పక్కన. షెడ్డు బావి అవతల. అక్కడి నుంచి షెడ్డు తలుపే కనపడదు. పోయి చూడండ్రి."

డీఎస్పీ పోయి చూసిండు. గేటు దగ్గర నిలబడ్డడు. నిజంగనే కనపడదు. తిరిగి వచ్చి భారతమ్మ దిక్కు చూసిండు. "ఏమ్మా?"

విజయరాణి గూడ ఆమె దిక్కు చూసింది. గల్లీ అంతా ఆమె దిక్కు చూసింది. ముందు గది తలుపు దగ్గర పారుల్ నిలబడి ఉన్నది, వేళ్ల నడుమ ఒక చిక్కుడుకాయ.

భారతమ్మకు ఆ ఒక్క క్షణంల భూపతి మైదా ఉడికించుడు కండ్ల ముందు తిరిగింది. గిర్నికి వచ్చే ప్రతి మనిషికి ఆయన ఆ ఫొటో చూపిచ్చుడు గూడ. ఈ మాట నోరు దాటితే, ఇగ ఈ ఊర్ల పిండి పట్టియ్యడానికి వచ్చినోళ్లంతా ముందు ఇదే అడుగుతరు. దాటకపోతే, ఆ పిల్ల మల్ల తాళం వెనుకకు పోతది.

"బాత్రూంకు పోలే సార్," అన్నది. "అన్నం తిననీకి పోయిన."

కొండవ్వ చేతిల కట్టె జారి కింద పడ్డది. "తిన్నవా?" అన్నది. "దీక్షల కూసోని తిన్నవా?"

"తిన్న కొండవ్వా. పప్పు వాసనొచ్చింది, పోయిన. దండ తీసి బావి గట్టు మీద పెట్టిన. ఆ కిటికీ ముంగట నిలబడి తిన్న. ఆ పిల్ల విస్తరాకు మడిచి చువ్వల నడుమ నుంచి ఇచ్చింది. తలుపు తీసి ఉంటే కిటికీల నుంచి ఎందుకు తింట సార్? గీ ఊర్ల చుట్టానికి కిటికీల నుంచి అన్నం పెట్టేటోళ్లను ఎక్కడన్న చూసిన్రా? తాళం ఉంది. నా మోచెయ్యికి తగిలింది. తింటున్న గనుక సోయి లేదు. పప్పు, ఆలుగడ్డ పిసికిన ముద్ద తిన్న. అడిగి తిన్న. చాలా, ఇంకేమన్న చెప్పాల్నా?"

దామోదర్ నవ్వబోయిండు. "అక్కకు షుగరుంది సార్, మతి..."

"రెండుసార్లు" అన్నది పారుల్.

తెలుగులనే అన్నది. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నదో. ఏ గిన్నెలు రెండుసార్లు తోమించినప్పుడు నేర్చుకున్నదో. చిక్కుడుకాయ కింద పడేసి రెండు వేళ్లు చూపించింది. "దో బార్ దియా. అమ్మకు దో బార్." ఆ తర్వాత ఆగలేదు. షమ్షున్నీసా ముందుకు పోయి ఆమె భుజం పట్టుకున్నది. ఆమె చెప్తుంటే ఈమె తెలుగుల చెప్పింది. వ్యాను, టెంటు గుడ్డలు, తాళం, జైలు ముచ్చట, పేరు మార్చుడు, అన్నీ. రెండోసారి పెట్టింది తన పూట బువ్వనని గూడ చెప్పింది, ఫిర్యాదు లెక్క కాదు, మామూలుగనే.

గంటె గిన్నె అడుగును గీకిన చప్పుడు ఇప్పుడు వినపడ్డది భారతమ్మకు.

"ఆ రోజు టెంటు కింద అందరికన్న గట్టిగ ఉపాసం ఉన్నది ఈ పిల్లనే" అన్నది షమ్షున్నీసా. ఎవరిని ఉద్దేశించి అన్నదో తెలియదు. అందరికి తగిలింది.

డీఎస్పీ పారుల్ ముందు మెట్ల మీద కూర్చున్నడు, నిలబడితే ఆమె బెదురుతుందని. "నిన్ను జైల్ల ఏసేది లేదని చెప్పండమ్మా" అన్నడు షమ్షున్నీసాతోటి. ఆమె చెప్పింది. పారుల్ నమ్మలేదు. ఆడ ఎస్సై తన టోపీ తీసి చంకల పెట్టుకొని మల్ల చెప్పింది. అప్పుడు గూడ నమ్మలేదు. విజయరాణి, భారతమ్మ, షమ్షున్నీసా ముగ్గురూ జీపుల పక్కన కూర్చుంటమంటే అప్పుడు లేచింది. దామోదర్‌ను ఇంకో బండిల ఎక్కించిన్రు. వాకిట్ల విడిచిన చెప్పులు ఆయనకు ఎవరూ అందియ్యలేదు. గల్లీల ఒక్క నినాదం గూడ లేదు.

గల్లీ తేరుకోవడానికి చాన్నాళ్లు పట్టింది. మనిషి స్వభావం ఏందో గానీ, మొదటి రెండు రోజులు సగం మంది తాళం గురించి కాదు, పప్పు గురించే మాట్లాడుకున్నరు. గిర్నికి వచ్చినోళ్లు "ఏం కూర వండినవ్ భారతమ్మా" అని అడిగి ముఖం పక్కకు తిప్పుకునేటోళ్లు. తాళం మాట ఎత్తితే ఒక్కొక్కరు తాము తాగిన నిమ్మరసం లెక్క గుర్తుకు తెచ్చుకోవాల్సి వస్తది. అదీ సంగతి.

శిబిరం పెద్దలు కూర్చొని, దీక్ష భంగమైందా లేదా అని చర్చ పెట్టిన్రు. కొండవ్వ తీర్పు చెప్పింది. "మల్ల కూసుంటది." మల్ల కూర్చున్నది భారతమ్మ. వేరే టెంటు కింద, పక్కన షమ్షున్నీసా కాపలా. ఆమె బాత్రూంకు లేస్తే ఈమె గూడ లేచింది. పొద్దుగూకింది. నిమ్మరసం కోసం ఎవరికి వాళ్లే నిమ్మకాయలు పిండుకున్నరు. పనికి పగిలిన చేతులకు రసం తగిలి చురుక్కుమంటుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు. ఆ రోజు నుంచి ఆ శిబిరంల అదే ఆనవాయితీ అయ్యింది.

భూపతి గోరుతోటి గోడ మీది ఫొటో గీకబోతే భారతమ్మ ఆపింది. "ఉండనియ్యి. ఆ ఫొటోల నేను ఇంకా తినలే" అన్నది.

పారుల్‌ను హైదరాబాద్‌ల ఆడోళ్ల హోముకు పంపిన్రు. మెజిస్ట్రేట్ ముందు మాట చెప్పింది. ఆమె మీద కేసు పెట్టలేదు. కానీ ఇంటికి పోవడం అంత తొందరగ కాలేదు. ఆమె ఊరు నిజమేనా, ఇల్లు ఉన్నదా, తీసుకునేటోళ్లు ఉన్నరా అని రెండు దేశాల నడుమ కాగితాలు పోవడం, రావడం. విజయరాణి నెలకొకసారి పోయి అడిగొచ్చేది. తల్లి బతికే ఉన్నదని తెలిసిన రోజు ఆమె గిర్ని కాడికి వచ్చి చెప్పింది. భారతమ్మ గిర్ని బంద్ చేసి మరీ విన్నది. గిర్ని పట్టపగలు బంద్ కావడం ఆ గల్లీ అదివరకు చూడలేదు.

ఎండలు ముదిరినంక, పారుల్‌ను ఇంటికి పంపుతున్నరని కబురొచ్చింది. భారతమ్మ, షమ్షున్నీసా హైదరాబాద్ బస్సెక్కిన్రు. భారతమ్మ టిఫిన్ డబ్బల ఆలుగడ్డ పిసికి, ఉల్లిగడ్డ, మిరప కలిపి తెచ్చింది. "అట్ల గాదు చేసేది, నీళ్ల లెక్క చేసినవ్" అని షమ్షున్నీసా తొవ్వంతా తిట్టింది. దర్జీ చెయ్యి గనుక ఆమె ఒక సల్వార్ కమీజు కుట్టి తెచ్చింది. కొలత తీసుకోకుండనే కుట్టింది, భుజం పట్టుకున్నప్పటి అందాజుతోటి.

హోముల ఒక గది ముందు కూర్చోబెట్టిన్రు. తలుపు మూసి ఉంది. తెలియకుండనే భారతమ్మ కన్ను తాళం కోసం వెతికింది. తాళం లేదు. లోపల గొళ్లెం తీసిన చప్పుడు అయ్యింది. పారులే తీసింది. బయటికొచ్చి, తలుపు తనే దగ్గరేసి, బెంచీ మీద ఇద్దరి నడుమ కూర్చున్నది. కొంచెం ఒళ్లు చేసింది. హోముల తెలుగు పిల్లలతోటి ఉండి ఉండి మాటలు నేర్చుకున్నది. కొత్తది ఒకటి అప్పుడే వాడింది.

"తిన్నవా అమ్మా?"

భారతమ్మ డబ్బ మూత తీసుకుంట, "తినలే బిడ్డా, నీతోనే తిందామని వచ్చిన" అన్నది.

జూబ్లీ బస్టాండుల దిగంగనే ఆమె ఇడ్లీలు తిన్న సంగతి షమ్షున్నీసాకు తెలుసు. రెండోసారి అడిగి చట్నీ ఏపిచ్చుకున్న సంగతి గూడ తెలుసు. షమ్షున్నీసా ఫ్యాను దిక్కు చూసింది.